వాడదో రకం

పదో తరగతి ఫలితాలొచ్చాక ఉయ్యూరులాంటి ఊళ్ళో పిల్లాడికి పేరుండదు, గ్రూపుంటుంది. కిరాణా కొట్టాయన పెసరపప్పు పొట్లం కడుతూ “ఎంపీసీయా, బైపీసీయా?” అంటాడు. మూడోది ఒకటుందని ఆయనకు గుర్తు లేదు. గుర్తున్నది ఊరు మొత్తానికి ఒక్కడికే. మనవాడికి.

“హెచ్ఈసీ అండీ.”

కొట్టాయన పొట్లం కట్టడం ఆపేస్తాడు. “మార్కులు తగ్గాయా నాన్నా?” అని జాలిపడి, డబ్బులు తీసుకోకుండా ఓ బెల్లంముక్క చేతిలో పెడతాడు.

మార్కులేం తగ్గలేదు. అదే అసలు బాధ. తప్పినవాడికైతే ఓదార్పు ఉంటుంది, సప్లిమెంటరీ ఉంటుంది. మంచి మార్కులొచ్చి చరిత్ర చదువుతానన్నవాడిని ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తోచదు. పోరంకి నుంచి మేనమామని పిలిపిస్తారు. ఆయన కొడుకు గూడవల్లి వైపు ఓ హాస్టల్లో ఎంపీసీ. తెల్లారకుండా లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్లలో కూర్చోబెడతారు. ఔటింగంటే ఆదివారం చెట్టుకింద అమ్మ తెచ్చిన పులిహోర తినడమే. మొదటేడు 470కి 465 వచ్చాయి. పోయిన 5 మార్కులకీ ఆ ఇంట్లో ఇంకా మైల విడవలేదు.

ఆ మావయ్య వచ్చి గంటసేపు నచ్చజెబితే మనవాడు సరేనన్నట్టు తలూపాడు. ఊపి, మర్నాడు సర్కారు కాలేజీకి వెళ్ళి హెచ్ఈసీలోనే చేరాడు. అది చాలదన్నట్టు సెకండ్ లాంగ్వేజి తెలుగు రాసొచ్చాడు!

“సంస్కృతం తీసుకుంటే వందకి తొంభై ఎనిమిది ఎక్కడికీ పోవు కదరా! తెలుగేంట్రా నీ మొహం?”

“మనది తెలుగే కదా మావయ్యా.”

“అందుకేరా, ఇంట్లో మాట్లాడుకుంటున్నాం చాలదా?”

వీణ్ణి పోల్చుకోవడం తేలిక. క్రికెట్లో బౌండరీ దగ్గర నిలబెడితే కాలవ మీద లకుముకిపిట్టని చూస్తూ బంతిని వదిలేస్తాడు. బస్సు పాసు చేతికొచ్చిందా, బెజవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల ముందు గొంతుక్కూర్చుంటాడు. తెచ్చుకున్న పుస్తకం చదివేముందు మొదటి పేజీ చూస్తాడు. ఓసారి దాని మీద నీలం సిరాతో పెళ్ళికానుక అనీ, కింద ఓ సంతకం, 1974 అనీ ఉన్నాయి. మూడు రోజులు అన్నం సయించలేదు వాడికి. “ఆ దంపతులు దీన్నెందుకు అమ్మేసుకుని ఉంటారు మావయ్యా?”

“ఇల్లు మారుతూ బరువని పడేసుంటార్లేరా.”

అలాంటి మనిషికి అలాంటి జవాబే తోస్తుంది.

పెళ్ళి భోజనాల్లో వీడి పక్కన కూర్చున్నవాళ్ళు ‘ఏం బాబూ, విశేషాలేంటి?’ అని అడక్కూడదు. కొత్తవాళ్ళు అడుగుతారు. “1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్టకి 1952లో గండి పడిందండీ...” అని వాడు పప్పు దగ్గర మొదలుపెడతాడు. గండి పడేసరికి అడిగినాయన పెరుగన్నంలోకొచ్చేశాడు. 1957లో ప్రకాశం బ్యారేజీ లేచేసరికి ఆకు మడిచి చెయ్యి కడుక్కోవడానికి పరిగెత్తాడు. ఆయన తిన్న అన్నం ఆ కాలవల నీళ్ళదేనన్న సంగతి వినడానికి మాత్రం ఎవరూ మిగల్లేదు.

మావయ్య మీద ప్రయోగించడానికి వాడి దగ్గరున్న బ్రహ్మాస్త్రం పింగళి వెంకయ్య. మొవ్వ దగ్గర భట్లపెనుమర్రు ఆయనది. కుర్రతనంలో బోయర్ యుద్ధానికి వెళ్ళొచ్చాడు. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య, కంబోడియా పత్తి వెంటపడి పత్తి వెంకయ్య, వజ్రాల వెంటపడి డైమండ్ వెంకయ్య అయ్యాడు. 1916లో జెండాల నమూనాలతో పుస్తకమే అచ్చేయించి, 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారి చేతికి జెండా అందించాడు.

“ఇంతకీ ఆయనది ఏ గ్రూపు మావయ్యా?”

“ఆ రోజులు వేరురా. ఇప్పుడైతే వెంకయ్యగారికైనా ముందు ర్యాంకు రావాలి. అయినా చివరికి ఏం వెనకేశాడాయన?”

దీనికి మనవాడు నోరెత్తలేడు. వెంకయ్యగారు 1963లో పేదరికంలోనే పోయారు. నన్నడిగితే వాదనలో మావయ్యే నెగ్గాడు. ఇలాంటి కుర్రాళ్ళందరూ జెండాలు తయారుచెయ్యరు. చాలామంది ఏ బడిపంతులుగానో, పంచాయతీ ఆఫీసులోనో తేలతారు. జీతం విని పెళ్ళిళ్ళపేరయ్య కాఫీ సగంలో వదిలేసి లేచిపోతాడు.

అయితే ఊళ్ళో గ్రంథాలయం ఎప్పుడు పెట్టారో, పాత గ్రూపుఫోటోలో రెండో వరసలో తలపాగా ఎవరిదో తెలియాల్సొస్తే కబురు వెళ్ళేది వీడికే. ర్యాంకులొచ్చినవాళ్ళు అప్పటికి డల్లాస్‌లో ఉంటారు. వాళ్ళకి ఆ ఫోటోలో తాతగారు కావాలి. వాట్సాప్‌లో వీణ్ణే అడుగుతారు.

మీ ఇంట్లో ఇలాంటివాడు ఒకడు ఉంటే కంగారుపడకండి. 1989లో మొదలైన విజయవాడ పుస్తక మహోత్సవం మళ్ళీ ఎప్పుడు పెడతారో కనుక్కుని, చేతిలో ఓ ఐదొందలు పెట్టి పంపండి. తిరుగు బస్సులో మాత్రం పక్కన కూర్చుని ‘ఏం కొన్నావురా?’ అని అడక్కండి. మీ ఊరు దాటిపోయినా వాడు చెబుతూనే ఉంటాడు, బందరు దాకా ఆపడు.