ఒరిజినల్ సారు

జనగామలో ఆయన అసలు పేరు చెబితే ఇల్లు దొరకదు. ‘ఒరిజినల్ సారు’ అంటే స్టేషన్ ముందర చాయ్ పోసే పిల్లాడు కూడా దారి చూపిస్తాడు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఇలాంటివారు ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఒక్కరైనా ఉంటారు. ఒకరు బిర్యానీ మీద, ఇంకొకరు పోచంపల్లి చీర మీద, మరొకరు ఘంటసాల పాట మీద “ఇది అసలుది కాదు” అని తీర్పు చెబుతుంటారు. మన సారు మాత్రం పోటీ లేని లైను పట్టారు. రష్యన్ బాలేల రికార్డుల్లో వాద్యరచన ఎవరిదో తేల్చడం ఆయన పని.

ఈ పిచ్చి రైల్లో పట్టుకుంది. బిడ్డను చూడ్డానికి మహబూబాబాద్ పోతూ, పక్క సీటు కుర్రాడి ఫోన్‌లో ఆడపిల్లలు తెల్లబట్టలేసుకుని వరసగా దిగి వస్తుంటే చూశారు. ‘లా బయడేర్’ అట. ఒక గుడి నాట్యగత్తె కథ. అందులో రాజు గోల్కొండ రాజట! “గోల్కొండ ఎక్స్‌ప్రెస్‌లో కూసొని గోల్కొండ రాజును చూసిన” అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రాజు పేరు దుగ్మంత. కుతుబ్‌షాహీల జాబితాలో అటువంటివాడు లేడన్నది సారుకు మొదటి అనుమానం. రెండోది, అసలైనది, పాట గురించి.

ఆ బాలే 1877లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైంది. నాట్యం కట్టింది మారియస్ పెటిపా, సంగీతం వియన్నాలో పుట్టిన లుడ్విగ్ మింకుస్‌ది. మనం రికార్డుల్లో వినేది చాలాసార్లు మింకుస్ చేసిన వాద్యరచన కాదు. 1963లో నర్తకుడు నూరియేవ్ లండన్‌లో ఆ తెల్లబట్టల నీడల అంకం వేసినప్పుడూ, 1980లో నర్తకి మకరోవా న్యూయార్క్‌లో పూర్తి బాలే వేసినప్పుడూ వాద్యరచనను తిరగరాసింది జాన్ లాంచ్‌బెరీ అనే ఇంగ్లిష్ ఆయన. వరస మింకుస్‌ది, ఒంటిమీది బట్టలు లాంచ్‌బెరీవి. రష్యాలో ఎప్పుడో వదిలేసిన చివరి అంకాన్ని మకరోవా మళ్లీ పెడితే, దానికి సంగీతం కూడా ఆయనే సమకూర్చాడు. 2002లో పీటర్స్‌బర్గ్ వాళ్లు పాత ప్రతులు ముందరేసుకుని 1900 నాటి రూపాన్ని తిరిగి కట్టారు.

ఇదంతా మహబూబాబాద్‌లో అల్లుడికి అరటిపండు ఒలిచినట్టు చెప్పారు సారు. అల్లుడు మిర్చి వ్యాపారి. తొడిమ చూసి తేజ రకమా కాదా చెప్పగలడు. భోజనం ముందు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టి సారు రెండు ముక్కలు వినిపించారు.

“ఇది మింకుస్. ఇప్పుడు విను, ఇది లాంచ్‌బెరీ. తేడా తెలిసిందా?”

“రెండూ మంచిగనే ఉన్నయి గద మామా. ఏది తక్కువకొస్తది?”

ఆ పూట సారు పెరుగన్నం ముట్టలేదు.

ఆయన చెప్పేదాంట్లో తప్పు పట్టడానికి ఉండదు, ఇంట్లోవాళ్ల బాధంతా అదే. తప్పు చెబితే ఒక్కసారి ఎదురుచెప్పి ఊరుకోవచ్చు. ‘స్వాన్ లేక్’ సంగతే చూడండి. చైకోవ్‌స్కీ 1893లో పోయాడు. ఇవాళ లోకంలో చాలాచోట్ల ఆడే ‘స్వాన్ లేక్’ 1895 నాటిది. పియానో కోసం చైకోవ్‌స్కీ విడిగా రాసుకున్న మూడు ముక్కల్ని రికార్డో డ్రిగో అనే ఇటలీ ఆయన ఆర్కెస్ట్రాకు మార్చి అందులో దూర్చాడు. ఉన్నవాటిని కొన్ని తీసేశాడు. “మనిషి పోయిన రెండేండ్లకు కొత్త పాటలు తెచ్చిండు” అని సారు నవ్వుతారు. మనవరాలి పుట్టినరోజుకు ఎవరో హంసబొమ్మ ఉన్న మ్యూజిక్ బాక్సు ఇస్తే, మూత తెరిచి రెండు నిమిషాలు విని, “ఇది 1877 నాటి అసలు ‘స్వాన్ లేక్’లోదే” అని పాస్ చేశారు. పాప అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

రష్యాతో సరిపెట్టుకుంటే కథ వేరేగా ఉండేది. భూపాలపల్లిలో సారు తమ్ముడు సింగరేణి ఉద్యోగి. అక్కడికి రైలు లేదు కనుక బస్సులో వెళ్లి, ఒక స్కూలు వార్షికోత్సవంలో ముందు వరసలో కూర్చున్నారు. పిల్లలు పేరిణి నాట్యం ఆడారు. నడుముకు పట్టా, కాళ్లకు గజ్జెలు, స్టేజీ అదిరింది. పాట పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది. అయిపోగానే సారు డాన్సు మాస్టారును పట్టుకున్నారు.

“శంఖం ఊదిందెవరు?”

“కీబోర్డు సార్.”

“మద్దెల?”

“అదీ కీబోర్డే.”

“పాట కట్టిందెవరు?”

“యూట్యూబ్ సార్.”

మాస్టారు తప్పేమీ లేదు. పేరిణి కథే అటువంటిది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయపుడు 13వ శతాబ్దంలో సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రాస్తూ పేరిణిని వర్ణించాడు. 1213 నాటి రామప్ప గుడి రాళ్ల మీద భంగిమలున్నాయి. ఈ రెంటినీ దగ్గర పెట్టుకుని నటరాజ రామకృష్ణ గత శతాబ్దంలో ఆ ఆటను మళ్లీ నిలబెట్టారు. కానీ రాతిలో మద్దెల కనిపిస్తుంది, వినిపించదు. మింకుస్‌కైతే పీటర్స్‌బర్గ్‌లో కాగితం ఉంది. కాకతీయుల మద్దెలకు ఏ బీరువా వెతకాలి? ఆ రాత్రి తమ్ముడింట్లో సారుకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాలంపేట వెళ్లి రామప్పలో మద్దెల వాయిస్తున్న బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారట. చెవి దగ్గర పెట్టి విన్నారని తమ్ముడు అంటాడు. నేను నమ్మను.

సారును నోరు మూయించింది మాత్రం సొంత జిల్లానే. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య జనగామ జిల్లావారే. ఆ జిల్లాలోనే ఒక ఊళ్లో వేరే మేళం ఆట జరుగుతుంటే సారు వెళ్లి, హార్మోనియం వాయించే పెద్దాయన పక్కన చేరారు. ఆ పెట్టె ఫ్రాన్సుదనీ, 1842లో దబాన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడనీ, మన ఆలిండియా రేడియోయే దాన్ని 1940 నుంచి 1971 దాకా గుమ్మం తొక్కనియ్యలేదనీ చెప్పారు. కాబట్టి చిందుకు ఇది అసలు వాద్యం కాదని తేల్చారు.

పెద్దాయన మెట్ల మీంచి వేళ్లు తియ్యకుండానే అడిగాడు.

“మా తాత గిదే వాయించిండు, మా నాయిన గిదే వాయించిండు. తీసేస్త సార్. మరి తెల్లారిందాక నువ్వు శ్రుతి పడుతవా?”

సారు తెల్లవారేదాకా కూర్చున్నారు. ఫోన్‌లో రికార్డు చేసుకున్నారు. ఫైలుకు ఊరు, తేదీ, హార్మోనియం ఎవరు, మద్దెల ఎవరు, తాళాలు ఎవరు అన్నీ రాసి పెట్టుకున్నారు. అల్లుడికి పంపితే ఈసారి ధర అడగలేదు, మొత్తం విన్నాడట.

అయినా అలవాటు పోలేదు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ ఊళ్లోనైనా మీరు పేరిణి వేయిస్తుంటే, పెన్‌డ్రైవ్‌లో పాట ఎవరు కట్టారో, ఎవరు వాయించారో ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. సారు ముందు వరసలోనే ఉంటారు.