ఉద్యోగాల కర్మకాండ శాఖ

అమెరికా వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ గారు 2025 ఏప్రిల్ చివర్లో టీవీలో సెలవిచ్చిన మాట మీరూ వినే ఉంటారు. ఇక మీదట ఫ్యాక్టరీలో చేరినవాడు జీవితాంతం అక్కడే పనిచేస్తాడట. వాడి పిల్లలూ అక్కడేనట, మనవలూ అక్కడేనట. ఇదొక కొత్త నమూనా అట.

మూడు తరాలు! ఆ మాట చెవిన పడగానే ఇది ఆర్థికశాస్త్రం కాదని, అపరకర్మల వ్యవహారమని నాకు తెలిసిపోయింది. తండ్రి, తాత, ముత్తాత అంటూ మూడు తరాలను వరస పెట్టి తలుచుకునేది తర్పణాలప్పుడే కదా. మన పురోహితుడు పైకి లెక్కపెడతాడు, లుట్నిక్ గారు కిందికి లెక్కపెట్టారు. తేడా అంతే.

పోయిన ఉద్యోగాలకు కర్మ జరిపించే ఏర్పాటు అమెరికాలో నిజంగానే ఉండేది. ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్ అని దాని పేరు. 1962లో కెనెడీ హయాంలో పుట్టింది. విదేశీ సరుకు వచ్చిపడి మీ పని ఊడితే కొన్నాళ్లు భత్యం ఇచ్చేవారు, మరో పని నేర్చుకోవడానికి ఫీజు కట్టేవారు. దీన్ని శవసంస్కార బీమా అని ఎగతాళి చేసింది అక్కడి కార్మిక సంఘాల వాళ్లే. కాబట్టి అశుభం పలుకుతున్నానని నన్ను తిట్టకండి.

కర్మ జరగాలంటే ముందు పంచనామా కావాలి. ముగ్గురు కార్మికులు సంతకాలు పెట్టి కార్మిక శాఖకు అర్జీ ఇచ్చుకునేవారు. అదీ పని పోయిన ఏడాదిలోపు, అంటే సంవత్సరీకం దాటకుండా. అప్పుడు అధికారులు వచ్చి చంపిందెవరో తేల్చేవారు. మరమనిషి చంపాడా? చెల్లదు. పక్క రాష్ట్రంలోని కంపెనీ పోటీకొచ్చి చంపిందా? చెల్లదు. యజమానే అప్పులు చేసి నిలువునా ముంచాడా? అయ్యో పాపం, అయినా చెల్లదు. హంతకుడి దగ్గర విదేశీ పాస్‌పోర్టు ఉండి తీరాలి. ఈ పరీక్ష ఎంత నిష్ఠగా జరిగిందంటే, మొదటి ఏడేళ్లలో ఒక్క శవమూ నెగ్గలేదు. 1969 దాకా ఒక్కరంటే ఒక్క కార్మికుడికి సాయం మంజూరు కాలేదు. 1974లో చట్టం మార్చాక గాని శ్మశానం గేటు బార్లా తెరుచుకోలేదు.

మన వాళ్లకు సంబంధించిన కేసులూ ఉన్నాయండోయ్. సాఫ్ట్‌వేర్ పనులు మన దేశానికి తరలిపోతుంటే, అక్కడి ప్రోగ్రామర్లు కొందరు అర్జీ పెట్టుకున్నారు. మీరు తయారుచేసింది చేత్తో పట్టుకోగలిగే వస్తువు కాదు, శవమే లేనిచోట కర్మ ఏమిటి పొమ్మన్నారు. వాళ్లు కోర్టుకెక్కాక, 2006లో, ఒట్టి ఆత్మకైనా పిండం పెట్టొచ్చని శాఖ వారు ఒప్పుకున్నారు.

ఇప్పుడిక అసలు ఘట్టం, పరకాయ ప్రవేశం. ఐఫోన్లలో బుల్లి బుల్లి స్క్రూలు బిగించే లక్షల మంది సైన్యం ఉందే, ఆ పని అమెరికాకు వచ్చేస్తుందని అదే నెల మొదట్లోనే లుట్నిక్ గారు ప్రకటించారు. ఎలా వస్తుందయ్యా అంటే, యంత్రాలు బిగిస్తాయట. మనుషులు ఆ యంత్రాలను బాగుచేస్తారట. అంటే పోయిన ఉద్యోగం తిరిగి లేస్తుంది, కానీ మరమనిషి ఒంట్లో లేస్తుంది. విక్రమార్కుడి కథల్లోనైనా రాజు ఆత్మ చిలకలో దూరి మళ్లీ తన ఒంట్లోకి వచ్చేది. ఇక్కడ రాజు ఒళ్లు నూనె డబ్బా పట్టుకుని చిలక పక్కన నిలబడాలి. రేపు ఆ చిలకే పొడిచి చంపితే? పైన చెప్పాను కదా, మరమనిషి చేసిన హత్య చెల్లదు.

చెల్లినా చేసేదేమీ లేదు. ఆ కర్మకాండ శాఖకు తాళం పడింది. 2022 జూన్ 30తో గడువు ముగిస్తే కాంగ్రెస్ పొడిగించలేదు. అప్పటికే సర్టిఫికెట్ పుచ్చుకున్నవాళ్లు తప్ప, జులై 1 తర్వాత పోయిన ఏ ఉద్యోగానికీ పంచనామా లేదు. చావులు ఆగలేదు, రాసుకునే గుమాస్తా ఆగాడు. (మన దగ్గర ఈ తంటాయే లేదు. దిగుమతుల దెబ్బకు మిల్లు మూతపడిందని రుజువు చేసినా, దానికని ప్రత్యేకంగా ఇచ్చే పథకమంటూ ఉంటే కదా.)

ఇంతవరకు నవ్వాను. ఆ “కొత్త నమూనా” దగ్గర మాత్రం నవ్వు రావడం లేదు.

నార్త్ కరోలినాలో కన్నాపొలిస్ అని ఒక ఊరుంది. ఆ ఊరిని కట్టిందే కానన్ మిల్లు. ఇళ్లు మిల్లువి, అద్దె మిల్లుకే. తాత తువ్వాళ్లు నేశాడు, కొడుకు నేశాడు, మనవరాలు అంచులు కుట్టింది. లుట్నిక్ గారు కలగంటున్న మూడు తరాలూ అక్కడ అయిపోయాయి. 2003 జులై 30న, అప్పటికి పిల్లోటెక్స్ అని పేరు మారిన ఆ కంపెనీ తలుపులు మూసేసింది. ఒక్క ఆ రాష్ట్రంలోనే ఒకే దెబ్బకు నాలుగు వేల మందికి పైగా వీధిన పడ్డారు. వాళ్లలో చాలామంది హైస్కూలు దాటనివాళ్లు. ఇవాళ అమెరికాలో ఒళ్లు తుడుచుకునే తువ్వాళ్లలో పెద్ద వాటా మన దేశానిదే. మన నేతగాడి కడుపు నిండితే నాకూ సంతోషమే. కానీ కన్నాపొలిస్‌లో నలభై ఏళ్లు దాటిన ఆడవాళ్లు కాలేజీ బెంచీల మీద కూర్చుని భిన్నాలు నేర్చుకున్నారంటే, దానికి ఖర్చు పెట్టింది ఈ పథకమే. అరకొరదే కావచ్చు, ఆలస్యంగా అందేదే కావచ్చు. అయినా వాళ్లకు దక్కిన ఆసరా అది.

దాన్ని కూడా ఆపేశారు. బైడెన్ కుర్చీలో ఉండగా, సభలు డెమోక్రాట్ల చేతిలో ఉండగా చావనిచ్చారు. ఇప్పుడు లుట్నిక్ గారి సర్కారు వాళ్లొచ్చి, అదే కార్మికుల పేరు చెప్పి ప్రపంచం మీద సుంకాలు వేసి, ఆ పథకం ఊసే ఎత్తరు. పైగా మీ మనవలను కూడా పంపండి అంటారు! ఏ మొహం పెట్టుకుని అడుగుతారయ్యా? జీవితాంతం చేస్తామన్న మాట మీద నిలబడ్డది ఆ మిల్లు కార్మికులు. మధ్యలో వదిలేసి వెళ్లింది యజమానులు, వాళ్లను వెళ్లనిచ్చింది మీరు. పుట్టని మనవల లెక్క తర్వాత తేల్చుకోవచ్చు. ముందు 2022 జులై నుంచి పని పోగొట్టుకున్నవాళ్ల అర్జీలు తీసుకోండి. దానికి స్క్రూలక్కర్లేదు, రోబోలక్కర్లేదు, కాంగ్రెస్‌లో ఒక ఓటు చాలు.