గండూపదాన్వేషణము: ఒక వాక్యానికి టీకాతాత్పర్యములు

టీక అనగా మూలంలోని పదాలను విడదీసి ఒక్కొక్కదానికి అర్థం చెప్పేది. తాత్పర్యం అనగా విడదీసిన పదాలను మళ్ళీ కూర్చి, చెప్పినవాని మనసులో ఏమున్నదో తేల్చేది. ఈ రెండు మర్యాదలూ కావ్యాలకూ శాస్త్రాలకూ మాత్రమే చెల్లుతాయని పండితలోకం ఎప్పుడో తీర్మానించుకున్నది గాని, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఎండాకాలం సెలవుల్లో గాలం కర్ర భుజాన వేసుకొని బయలుదేరిన పిల్లవానికి అరుగు మీద కూర్చున్న తాత పడవేయగల ఒక్క మాటలో న్యాయం, మీమాంస, వ్యాకరణం, జీవశాస్త్రం నాలుగూ ఇరుక్కొని ఉంటాయని చూపడం ఈ వ్యాఖ్య ఉద్దేశం. మూలం లేనిదే టీక నిలువదు కనుక, ఆ ప్రాంతపు నోటి మాటకు దగ్గరగా కూర్చిన మూలమిది:

ఒరే గుంటడా, రోయిని కార్తిలో గెడ్డకాడ ఎర్రలు నేవురా, బోరింగుకాడ తవ్వుకో.

మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య వ్రాస్తూ, ఆధారం లేనిది వ్రాయననీ అక్కరలేనిది చెప్పననీ మాట ఇచ్చి నిలుపుకున్నాడు. ఈ టీక అందులో మొదటి సగానికే పూచీ పడుతున్నది. శ్రీకాకుళానికి చేరువలోని పర్వతాలపేటలో 1863లో పుట్టి, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తి ఈ వాక్యాన్ని చూస్తే సంతోషించి, దాని కింద పేరుకుపోతున్న గ్రాంథికపు వాసన చూసి ముఖం చిట్లించేవాడేమోనన్న అనుమానం టీకాకారునికీ లేకపోలేదు.

శాస్త్రారంభంలో విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని చెప్పడం ఆచారం. విషయం వానపాము, ప్రయోజనం చేప, ఆ రెంటికీ సంబంధం గాలపు ముల్లు. ఇక అధికారి, అనగా ఈ శాస్త్రం చదవడానికి అర్హుడు, ఎవడంటే గాలం ఉండి ఎర లేనివాడు, అమ్మ పిలుపు వినబడనంత దూరం వెళ్ళగలవాడు, గోళ్ళలో మట్టి చేరితే కలత చెందనివాడు.

ఇక ప్రతిపదార్థం. "ఒరే" అన్నది సంబోధన. ఇందులో కోపం లేదు, చనువే ఉన్నది. "గుంటడా": ఉత్తరాంధ్రలో గుంటడు అంటే మగపిల్లవాడు, గుంట అంటే ఆడపిల్ల. ఇతర జిల్లాలవారికి గుంట అంటే నేలలో తవ్విన గొయ్యి మాత్రమే తెలుసు. చివరకు చేయవలసిన పని తవ్వడమే కనుక, వక్త పిల్లవానిని పిలవడంలోనే గొయ్యిని స్ఫురింపజేశాడని చెప్పడానికి ఆలంకారికులకు అవకాశం ఉన్నది. వక్తకు ఆ ఉద్దేశం ఉన్నదా అని అడగరాదు. అడిగితే సగం వ్యాఖ్యానాలు మూతపడతాయి.

"రోయిని కార్తిలో" అనగా రోహిణీకార్తెలో. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో గడిపే కాలం. ఏడాదిని 27 నక్షత్రాలకు పంచగా ఒక్కొక్కదానికి 13, 14 రోజులు వస్తాయి. రోహిణి మే 25 ప్రాంతంలో ప్రవేశించి జూన్ మొదటి వారం దాకా ఉంటుంది. ఆ ఎండకు రోళ్ళు పగులుతాయని తెలుగు జనమంతా ఒప్పుకున్నారు. ఈ పదం కేవలం కాలాన్ని చెప్పి ఊరుకోలేదు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు సముద్రవేట నిషేధం ఉంటుంది. రోహిణి అంతా ఆ నిషేధంలోనే గడుస్తుంది. భావనపాడులోనూ చింతపల్లిలోనూ మరపడవలు ఒడ్డు పట్టి, సంతలో చేప ప్రియమై, ఊళ్ళవాళ్ళ చూపు చెరువు మీదికీ గెడ్డ మీదికీ మళ్ళే రోజులవి. ప్రభుత్వ నిషేధం గాలానికి వర్తించదు. కాని ప్రకృతి తన వంతు నిషేధాన్ని ఎరకు వర్తింపజేస్తుంది.

"గెడ్డకాడ": గెడ్డ అంటే కొండల నుంచి దిగే చిన్న ఏరు, ఇతరులు వాగు అనేది. నాగావళి, వంశధార, చంపావతి వంటి నదులలో కలిసే ఇలాంటివి ఈ సీమలో లెక్కకు మిక్కిలి. పాచిపెంట దగ్గర పెద్దగెడ్డ, జియ్యమ్మవలస వైపు వట్టిగెడ్డ జలాశయాలై పేరు కూడా నిలుపుకున్నాయి. గోదావరి జిల్లాల పాఠకుడు దీనిని గెడ్డముగా గాని గడ్డగా గాని పొరబడితే వాక్యార్థం పూర్తిగా చెడుతుంది. వట్టిగెడ్డ అన్న పేరును పెట్టినవారెవరో గాని వారు వేసవిలోనే పెట్టి ఉంటారు. వానాకాలంలో ఎర్రలకు పుట్టినిల్లయిన గెడ్డగట్టు వేసవికి ఇసుకా గరుపనేలా అయి, పార దిగితే ఖంగుమంటుంది. కనుక అలవాటుగా అక్కడికే నడిచే పిల్లవానిని ఈ పదం వెనక్కి పిలుస్తున్నది.

"ఎర్రలు": ఇదే వాక్యానికి ఆయువుపట్టు. ఎర్ర అంటే వానపాము, గాలానికి గుచ్చేది ఎర, రంగు ఎరుపు. మూడూ వినికిడికి దగ్గరివి కావడంతో "ఎరలు" అన్న పాఠాంతరం కూడా సాధ్యమే. పాఠాంతరం అంటే ప్రతికి ప్రతికి మారే మాట. కాని ఆ పాఠం తీసుకుంటే గోధుమపిండి ముద్ద, మిడత, చీమగుడ్డు కూడా ఎరలే కనుక, అవి రోహిణిలోనూ దొరుకుతాయి కనుక, "నేవు" అన్న నిషేధం అబద్ధమవుతుంది. అందుచేత రెండు రేఫల పాఠమే గ్రాహ్యం.

సంస్కృతంలో ఈ ప్రాణికి గండూపదం, కించులకం, మహీలత అని పేర్లు. మహీలత అంటే నేలతీగ. కవిత్వమే గాని శాస్త్రం తక్కువ. గండూపదం అంటే కణుపులే పాదాలుగా కలది. ఇది మాత్రం ఆశ్చర్యకరంగా నిజం, ఎందుకంటే వానపాము ఒంటి మీది ఒక్కొక్క ఉంగరానికీ కంటికి ఆనని సన్నని ముళ్ళు ఉండి, వాటిని మట్టిలో నాటుకుంటూ అది ముందుకు జరుగుతుంది. పట్టి లాగితే సగం తెగి చేతికి రావడానికి కారణం ఆ ముళ్ళ పట్టే.

ఇక్కడ ఒక శంక. తెలుగు పుస్తకాలన్నింటా ఉన్న వానపాము అన్న మాటను వక్త ఎందుకు విడిచిపెట్టాడు? సమాధానం ఔచిత్యం. వాన పడితే కనిపించేది కనుక అది వానపాము. వాన లేని కార్తెలో "వానపాములు లేవు" అనడం, వాన లేదని చెప్పడమే అవుతుంది గాని కొత్త సంగతి కాదు. పైగా అది పాము కాదు. పొడుగు పోలికను బట్టి లక్షణచేత, అనగా అసలు అర్థం కాక దాని సంబంధంతో వచ్చే అర్థంచేత, పామన్నారు. ఒక్క మాటలో రెండు దోషాలున్న పేరును వదిలి ఎర్ర అన్నవాడు పదం బరువు తెలిసినవాడు.

"నేవురా": లేవు అన్నదానికి ఈ సీమ ఉచ్చారణ, లకారం నకారమైనది. చూడడానికి చిన్న క్రియ గాని, వాదమంతా దీని దగ్గరే. నైయాయికులు లేకపోవడాన్ని, అనగా అభావాన్ని, రకాలుగా విభజించారు. కుండ చేయకముందు మట్టిలో కుండ లేకపోవడం ప్రాగభావం. పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. గాలిలో రంగు ఏనాటికీ లేకపోవడం అత్యంతాభావం. కుండ వస్త్రం కాకపోవడం అన్యోన్యాభావం. రోహిణిలో ఎర్రలు లేకపోవడం వీటిలో ఏది? నిన్నటి వర్షాకాలంలో ఉన్నవి కనుక ప్రాగభావం కాదు. ఎండకు చచ్చాయందామా అంటే, తరువాత వచ్చే మృగశిరకార్తె తొలి వానకే గంపెడు పైకి వస్తాయి కనుక ప్రధ్వంసమూ కాదు. అత్యంతాభావమంటే రైతు నవ్వుతాడు. అన్యోన్యాభావానికి ఇక్కడ పనే లేదు. ఒకచోట ఉండి, పోయి, మళ్ళీ వచ్చే వస్తువు కోసం కొందరు సామయికాభావమని అయిదవదాన్ని ఒప్పుకున్నారు. వారు గాలం వేసినవారై ఉండాలి.

అసలు విషయమేమంటే, వానపాముకు ఊపిరితిత్తులు లేవు. తడిసిన చర్మంతోనే అది గాలి పీలుస్తుంది. చర్మం ఎండితే ఊపిరి ఆగుతుంది. అందుకని నేల ఆరుతున్నకొద్దీ కిందికి దిగి, చాలా జాతులు లోతున చిన్న గదివంటి బొరియ చేసుకొని, దాని గోడలకు తమ జిగురు పూసుకొని, ఒళ్ళు ముడిచి ఉండలా చుట్టుకొని, తిండీ కదలికా మాని వాన దాకా పడి ఉంటాయి. దీనిని గ్రీష్మనిద్ర అంటారు. పెద్దవి చచ్చినా నేలలోని గుడ్ల కోశాలు ఎండకు ఓర్చి తడి తగలగానే పొదుగుతాయి. చార్లెస్ డార్విన్ చనిపోవడానికి ఏడాది ముందు, 1881లో, వానపాములు నేలను ఎలా తిరగేస్తాయో ఒక పుస్తకమే వ్రాశాడు. ఎండలో అవి లోతుకు పోవడం ఆయనా గమనించాడు.

మీమాంసకులలో భాట్టులు, వేదాంతులలో అద్వైతులు లేకపోవడాన్ని తెలిపే ప్రమాణంగా అనుపలబ్ధిని, అనగా కనబడకపోవడాన్ని, ఒప్పుకుంటూ, ఒక నియమం పెట్టారు: ఉంటే కనబడదగిన వస్తువు కనబడకపోతేనే అది లేదని చెప్పవచ్చు. మూరల లోతున ముడుచుకున్న ఎర్ర, జానెడు లోతు తవ్వినవానికి కనబడదగినది కాదు. కనుక "నేవు" అంటే లేవని కాదు, నీ పారకు అందవని. ఈ భేదం తెలియక మధ్యాహ్నం దాకా గెడ్డగట్టు పెళ్ళగించి అరచేతులు బొబ్బలెక్కించుకున్న పిల్లలు ప్రతి ఊరిలోనూ ఉంటారు; వారు తర్కం చదవకపోవడమే దోషం.

"బోరింగుకాడ": బోరు వేసే పనికి పేరైన ఇంగ్లీషు మాట ఇక్కడ చేతిపంపుకే పేరైనది. పంపు చప్టా మీద పడిన బిందెనీళ్ళు, కాళ్ళు కడిగిన నీళ్ళు, అంట్లు తోమిన నీళ్ళు పక్కనున్న పల్లానికి జారి, అక్కడి మట్టి రోహిణిలోనూ నల్లగా మెత్తగా ఉంటుంది. ఇక్కడ కాకదధిన్యాయం గుర్తు చేసుకోవాలి: పెరుగును కాకుల నుంచి కాపాడమంటే పిల్లి తినవచ్చునని కాదు, కాకి అన్నది పెరుగు తినే అన్నింటికీ ఉపలక్షణం. అలాగే బోరింగు అన్నది వాడకపు నీరు ఇంకే చోట్లన్నింటికీ ఉపలక్షణం. పెరటి అరటిపాదు, పశువుల శాల వెనుక కాలువ, కుడితి గోలెం కింద, చెరువు మదుము జారే చోటు, ఉద్దానంలో నీరు పెట్టే కొబ్బరిపాదు, సోంపేట వైపు బీల అనే చిత్తడినేలలు అన్నీ ఇందులోకి వస్తాయి.

గెత్తం కూడా వస్తుందా? గెత్తమంటే పశువుల పెంట మాగి ఎరువైనది. దీనిపై పూర్వపక్షమేమంటే, అందులో ఎర్రలకు ఇష్టమైన తిండి ఉన్నది కనుక అక్కడే తవ్వాలని. సిద్ధాంతమేమంటే, కుప్ప నడుమ కుళ్ళే వేడికి అవి నిలువవు, పైపొర ఎండిపోతుంది. అంచున, నేలను తాకే చోట, తడి తగిలితేనే దొరుకుతాయి. ఉద్దానంలో గెత్తం తిరగేసినవానికి ఎర్ర బదులు బొటనవేలంత తెల్లని పురుగు కనిపిస్తే, అది కొబ్బరి మొవ్వను తొలిచే కొమ్ముపురుగు పిల్ల. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరితోటలను నేలకూల్చినప్పుడు పడి కుళ్ళిన మొద్దులు ఈ పురుగుకు మరీ అనువైన తావు. దానిని ఏరి పారేస్తే తోటవాడు పార ఇచ్చినందుకు చింతించడు. వర్మీకంపోస్టు తొట్టెలలో ఆఫ్రికా జాతి ఎర్రలు వేసవంతా తడిగోనెల కింద సుఖంగా ఉంటాయన్నది కూడా నిజమే. పక్కవాని తొట్టెలో చేయి పెట్టడం గురించి ధర్మశాస్త్రం చూసుకోవాలి, ఈ టీక కాదు.

తడిచోట కూడా ఎర్రలున్నాయని ఎలా తెలియాలి? అనుమానప్రమాణంతో. పొగను బట్టి నిప్పును ఊహించినట్టు, నేల మీద ఆవగింజల పోగులా ఉన్న సన్నని మట్టి ఉండలను బట్టి కింద ఎర్రలున్నట్టు ఊహించవచ్చు; అవి ఎర్రలు మట్టి తిని విసర్జించినవి. కాని ఉండలు తడిగా ఉండాలి. ఎండి గట్టిపడిన పాత ఉండలను చూసి తవ్వడం హేత్వాభాస, అనగా కారణంలా కనిపించే కారణం కానిది. కోళ్ళు కాళ్ళతో గీరిన చోటు మరింత బలమైన లింగం, అనగా గుర్తు, అవి అప్పటికే తిని పోయి ఉండకపోతే.

"తవ్వుకో": తవ్వు అనక తవ్వుకో అనడంలో ఫలం తవ్వినవానికే అని సూచన, తాతకు చేపలో వాటా లేదని కాదు. గునపం పోటుకు రెండు ముక్కలైన ఎర్ర రెండు ఎర్రలవుతుందని పిల్లలు నమ్ముతారు. తల ముక్క బతికితే బతకవచ్చు గాని తోకముక్క మరో ఎర్ర కాదు. పార వాలుగా దింపి పెళ్ళను చేతులతో విరవడం మేలు. తొందర లేనివాడు చల్లబడ్డాక తడిపిన గోనెసంచిని కాస్త పేడతో కలిపి నీడపట్టున పరిచి, రోజూ ఇన్ని నీళ్ళు చిలకరిస్తే, నాలుగైదు రోజులకు అవే సంచి కిందికి చేరతాయి. అమెరికాలో ఫ్లోరిడా అడవుల్లో మేకు దిగగొట్టి ఇనుపపట్టీతో రాపాడించి నేలను వణికిస్తే ఎర్రలు వాటంతట అవే పైకి వస్తాయి. నేలలో తమను వేటాడే జంతువు వస్తున్నదని భ్రమించి పారిపోతాయని 2008లో ఒక పరిశోధకుడు చూపాడు. ఆ విద్య తడినేలకు చెందినది. రోహిణిలో గరుపనేలను వణికిస్తే వణికేది మోచేతులే. దొరికినవాటిని నీళ్ళలో కాక, తడిమట్టితో అరటిడొప్పలోనో కొబ్బరిచిప్పలోనో నీడన ఉంచాలి.

తాత్పర్యం. చెరువు ఎండేకొద్దీ అందులో మిగిలేవి మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, గొరక వంటి బురదచేపలు; మొప్పలతో పాటు నేరుగా గాలినీ పీల్చగల అవయవం వీటికి ఉన్నది కనుక ఇవి అడుగంటిన నీటిలోనూ బతుకుతాయి. తడి చర్మం లేనిదే ఊపిరాడని ఎర్రా, నీరు తగ్గితే గాలి మింగే చేపా ఒకే తడి కోసం ఒకే ఊరిలో చెరొక మూల దాగి ఉంటాయి. ఊరి నీరు ఎవరి పెరట్లో ఎటు జారి ఎక్కడ ఆగుతున్నదో తెలిసినవానికే ఆ రెండూ దొరుకుతాయి. తాత చూపించినది ఎర్రలను కాదు, ఆ జాడను.

మృగశిర వాన పడిన మరునాడు ఈ మూలం పనికిరాదు. ఎర్రలు గడప దాకా పాకివచ్చి కోళ్ళకూ కాకులకూ విందవుతాయి, తవ్వే పనే ఉండదు. గెడ్డ ఎర్రనీళ్ళతో పొంగి, కొట్టుకువచ్చిన ఎర్రలతో కడుపు నిండిన చేప గాలం వైపు చూడదు. అప్పుడు అరుగు మీద నుంచి వచ్చే వాక్యం వేరు, దాని టీకా వేరు.