క్లాజుల మాస్టారు

ఆంధ్రదేశమున హైస్కూలు గల ప్రతి పట్టణమునందును, పేరుమోసిన ప్లీడరును, హస్తవాసి గల వైద్యుడును ఉన్నను లేకున్నను, ఇంగ్లీషు గ్రామరునకు పట్టువడి, పింఛను పుచ్చుకొన్న పిదపను దానిని విడువజాలని మాస్టారొకరు తప్పక యుండి తీరును. ఆయనకు తలిదండ్రులు పెట్టిన పేరు రెవెన్యూ రికార్డులలో నెక్కడనో యుండవలసినదే కాని యూరివారి నోట వినబడదు. వారికి ఆయన క్లాజుల మాస్టారు. మెడవఱకు గుండీలు పెట్టిన కోటును, మడత నలగని కండువాయును, ఒక కొన ఎఱ్ఱగను రెండవ కొన నీలముగను వ్రాయు పెన్సిలును ఆయన బాహ్యచిహ్నములు. ఇక ఆంతరంగిక లక్షణమేమనగా, ఎదుటివారేమి చెప్పుచున్నారో పట్టించుకొనక, ఎట్టి వాక్యమున చెప్పుచున్నారో చెవియొగ్గి వినుట. “బియ్యం నిండుకొన్నాయి, మీరు కొట్టుకు వెళ్లాలి” అని ఇల్లాలు వంటింటి గుమ్మమునుండి కేక వేయగా, “కాంపౌండు వాక్యమే, కంజంక్షను ఏదీ?” అని ఆయన సెలవిచ్చిన సంగతి ఆ వీథిలో నెఱుగనివారు లేరు.

ఈ విద్యకు నెస్‌ఫీల్డు దొరవారు మూలపురుషులు. తరువాతి తరమునకు 1930ల దశకమున వెలువడిన రెన్, మార్టినుల గ్రంథము వేదము. మాస్టారి యింట అది అట్టవేసికొని భగవద్గీత ప్రక్కనే యుండును. ఆ రెన్ను దొర బొంబాయి రాజధానిలో విద్యాశాఖోద్యోగము చేసినవాడనియు, 1924లోనే ‘బో జెస్ట్’ అను నవల వ్రాసి, ఫ్రెంచివారి కూలిదండులోని సిపాయిల సాహసగాథలచే గ్రామరుకంటె ముందుగనే కీర్తి గడించెననియు ఒక కుఱ్ఱ ఉపాధ్యాయుడు చెప్పినప్పుడు, మాస్టారు ఆ మాటను నమ్మలేదు. నమ్మక తప్పని దినము వచ్చినప్పుడు, “క్లాజుల భాగమంతయు మార్టిను దొరే వ్రాసియుండును” అని గ్రామరు కర్తృత్వమునే మార్చివేసి ఊరట చెందిరి.

అయినను బోధించుటలో ఆయనకు సాటి ఆయనయే యని నేను నిస్సంకోచముగా చెప్పుదును. “సింపుల్ అనగా పొట్టిది కాదురా!” అని మొదలుపెట్టి, తెల్లవాఱకముందే, చేతిలో చెంబుతో, చలికి వణకుచు, ఏటిగట్టు వెంబడి, నలుగురు మిత్రులతో ఒకడు నడచిపోవుటను నల్లబల్ల ఈ చివరినుండి ఆ చివరకు ఇంగ్లీషున వ్రాసి, అందు సమాపకక్రియ యొక్కటియే గనుక అది యెంత పొడుగైనను సింపులేయని తేల్చి, దాని క్రింద “ఇఫ్ హీ కమ్స్, ఐ గో” అని అయిదు మాటలు మాత్రము గిలికి, రెండు కర్తలు, రెండు సమాపకక్రియలు, అందొకటి ‘ఇఫ్’ అను సంకెలతో రెండవదానికి కట్టుబడినది గనుక ఇది కాంప్లెక్సు అని చూపునప్పటికి, వెనుకబెంచీవానికి సయితము కన్నులు తెఱచుకొనుచుండెను. పిమ్మట కుటుంబ విచారణము. కాంపౌండు వాక్యమనగా వేఱుపడిన అన్నదమ్ములిద్దఱు. నడుమనున్న ‘అండ్’ గోడ తీసివేసినను ఎవరి కాళ్లపై వారు నిలువగలరు. కాంప్లెక్సు అనగా ఉమ్మడి కాపురము: మెయిన్ క్లాజు యజమాని; నౌన్ క్లాజు ఇల్లరికపుటల్లుడు, సమయము చూచి కర్త కుర్చీలోనో కర్మ కుర్చీలోనో కూర్చుండును; అడ్జెక్టివ్ క్లాజు ఏదియో యొక నామవాచకమును పట్టుకొని వ్రేలాడు మేనల్లుడు; అడ్వర్బ్ క్లాజు ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎట్లు అని క్రియ చుట్టును తిరుగు మేనత్త. వీరిలో నెవరిని ఒంటరిగా వీథిలో నిలిపినను “బికాజ్ ఇట్ రెయిన్డ్” అని నీళ్లు నములుటయే కాని పూర్తిగా ఒక మాట చెప్పజాలరు. అన్నదమ్ములిద్దఱునుండి, వారిలో నొకరికైనను ఇట్టి ఆశ్రితులున్నచో అది కాంపౌండు కాంప్లెక్సు.

శాంతమూర్తియైన ఈ మాస్టారికి కోపము తెప్పించు మహాపాతక మొక్కటి కలదు. “ఆల్దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్” అని వ్రాసినవానిని ఆయన జన్మాంతరమునను క్షమింపరు. ‘ఆల్దో’ తగిలినంతనే మొదటి క్లాజు ఆశ్రితమై తల వంచెను గదా, సమానులను కలుపవలసిన ‘బట్’నకు ఇక నక్కడ పని యేమి యని ఆయన వాదము. వాదము నిర్దుష్టమే. కాని “బీదవాడైనా సరే, కానీ నిజాయతీపరుడు” అని ఇంటిలో రెండు చేతులతోను మాటలాడు తెలుగు బాలుడు ఇంగ్లీషులోనికి పోగానే ఒక చేయి వెనుకకు కట్టుకొనుమనగా, వాని కది సులభముగా చేతనగునా?

కుమార్తెకు పెండ్లిచూపులు జరిగిననాడు వరుని తండ్రి తమ చిరంజీవి జీతబత్తెములను, నడవడిని సవిస్తరముగా వర్ణించి ముగింపగా, మాస్టారు గొంతు సవరించుకొని వరునివంక తిరిగి, “వాట్ యూ సే ఈజ్ ట్రూ” అనిరి. తండ్రి పొంగిపోయి, “అంతా తమ దయ అండీ” అనెను. వరుడు లేచి నిలువబడి, “థాంక్యూ సార్” అనెను. మాస్టారి ముఖము చిన్నవోయెను. “అబ్బాయీ, అందులో సబ్జెక్టు ఏదని అడుగుతున్నాను.” “యూ అండి” అని అతడు వణకుచు చెప్పెను. “ఆ ‘యూ’ లోపలి క్లాజుకు సబ్జెక్టు. వాక్యానికంతటికీ ‘వాట్ యూ సే’ అనే నౌన్ క్లాజే సబ్జెక్టు!” సంబంధము తప్పిపోవలసినదే కాని, “పిల్లను ఇచ్చేది అబ్బాయికండీ, క్లాజుకు కాదు” అని తలుపు చాటునుండి వినవచ్చిన వాక్యము దానిని నిలిపెను. ఆ అల్లుడు నేటికిని సంక్రాంతికి వచ్చిన మూడు దినములును “ఊ”, “ఆ” అను అవ్యయములతోనే కాలక్షేపము చేసి పోవుచుండును.

మాస్టారికి సమఉజ్జీ యొక్కడే: అదే పాఠశాలలో పనిచేసి విరమించిన తెలుగు పండితుడు. సాయంకాలము అరుగుమీద వీరిద్దఱికిని జరుగు వివాదము “రాముడు ఇంటికి వచ్చి, భోజనము చేసి, నిద్రించెను” అను వాక్యమును గూర్చినది. వచ్చి, చేసి యనునవి క్త్వార్థకములు, అసమాపకక్రియలు. కావున ఇది సంక్లిష్టవాక్యమని పండితుడు. సమాపకక్రియ యొక్కటియే, కావున సింపుల్ అని మాస్టారు. ఎవరి శాస్త్రమున వారు సత్యవాదులే. ఒకే రాముడు ఒకే పూట అన్నము తిని రెండు శాస్త్రములలో రెండు విధముల నిద్రించుచున్నాడు. “మీ చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములు వ్రాసెనే, వాక్యమున కొక పరిచ్ఛేదమైన నిచ్చెనా?” అని మాస్టారు ఎత్తిపొడువగా, “ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు మాటలతో మా పెద్దలు వాక్యమునకు లక్షణము ఏనాడో చెప్పిపోయినారు. అతడు చేనును నిప్పుతో తడిపెను అన్నచో కర్త, కర్మ, క్రియ యన్నియు నున్నను యోగ్యత లేదు. మీ గ్రామరు ఆ దొంగను పట్టగలదా?” అని పండితుడు తిరుగబడును. ఈ పట్టున నేను పండితుని పక్షము. కాని “ఆయన మా బావ” అను వాక్యమున క్రియ యేదని మాస్టారడిగి, “లోపించలేదండీ, అక్కఱ లేదు” అని పండితుడు బదులు చెప్పినప్పుడు మాత్రము, క్రియ లేక వాక్యము బ్రతుకుటను కన్నులార చూచిన ఆ వృద్ధుని ముఖమున గోచరించిన ఆందోళన నా హృదయమును కరగించినది.

పింఛను బకాయికై ఆయన పై కచేరీకి పెట్టుకొన్న అర్జీ మూడు ఫుల్‌స్కేపు కాగితముల నిడివిగల యేకవాక్యము. ‘వేరాజ్’లు, ‘విచ్’లు, ‘దట్’లు ఒకదాని నొకటి మోసికొనుచు పోయి పోయి, తనకు రావలసిన పైకము నిప్పింపుడను మెయిన్ క్లాజు మూడవ కాగితపు అడుగున దస్కతును ఆనుకొని నిలిచినది. కొన్ని నెలలకు జవాబు వచ్చెను: “నాట్ అడ్మిసిబుల్.” మాస్టారు నీలపు కొనతో దానిని శోధించి, కర్త లేదు, సమాపకక్రియ లేదు, ఇది వాక్యమే కాదు, వాక్యము కానిది ఉత్తరువెట్లగునని నిశ్చయించి, ఉత్తరు వింకను వెలువడలేదని మఱియొక యేకవాక్యమున జ్ఞాపిక పంపిరి. ఈ మాఱు జవాబు వారములోనే వచ్చెను: “సీ అవర్ ప్రీవియస్ లెటర్.” మాస్టారి కన్నులు చెమర్చెను. ఇంపరేటివు, ‘యూ’ అను గుప్తకర్త కలదు, సమాపకక్రియ కలదు, కర్మ కలదు, సర్వాంగసంపూర్ణమైన సింపుల్ సెంటెన్సు! దానిపై ఎఱ్ఱ కొనతో పదికి పది మార్కులు వేసి, ఆ కాగితమును వీథి వీథికిని త్రిప్పి, కచేరీవారు దారికి వచ్చినారని అందఱికిని చూపుచు అరుగు చేరగా, పండితుడు దానిని ఇటునటు త్రిప్పి చూచి, “మరి పైకం మాటేమిటండీ?” అని యడిగెను.

“మీ ప్రశ్నలో క్రియ ఏదండీ?” అనిరి మాస్టారు.