చుక్కల లెక్క మరిచిన డేటా సైన్స్

మా మనవడు అమీర్‌పేటలో డేటా సైన్స్ నేర్చుకుంటున్నాడు. ఏ కస్టమర్ వచ్చే నెల సిమ్ మార్చేస్తాడో ముందే చెప్పే ప్రోగ్రాం రాశానని, మొన్న నారాయణఖేడ్ వచ్చినప్పుడు చూపించాడు. సంతోషమే, ఉద్యోగం రావాలి కదా. కానీ అదే విద్యతో గెలాక్సీల్లో నక్షత్రాలు ఎప్పుడెప్పుడు పుట్టాయో లెక్కగడుతున్నారని వాడికి చెప్పినవాడే లేడు. నా కోపమంతా దానిమీదే.

మా రోజుల్లో జొన్నచేను కావలికి పోతే, మంచె మీద పడుకుని పిల్లలకోడి చుక్కల గుంపు ఎంత పైకొచ్చిందో చూసి పొద్దు చెప్పేవాళ్లం. ఆ చుక్కలు పుట్టి పది పన్నెండు కోట్ల ఏళ్లే అయిందని, ఆకాశం లెక్కన అవి పసికూనలని మాకు తెలియదు. చదువు తక్కువే, చూపు మాత్రం పైనే ఉండేది.

ఇక హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్ల ఓపిక చెప్పాలి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన వేధశాల అది, తర్వాత బేగంపేటకు మారింది. దేశదేశాల వేధశాలలు ఆకాశాన్ని వాటాలు వేసుకుని ఫొటోలు తీస్తే, మనకూ ఒక వాటా వచ్చింది. గాజు పలకల మీద పడ్డ ఒక్కో చుక్కనూ కొలిచి, రాసుకుని, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చేశారు. దశాబ్దాలు పట్టింది. కంప్యూటర్ లేని కాలపు డేటా సైన్స్ అది. ఏ కోర్సులోనైనా మొదటి పాఠంగా చెప్పాల్సింది, ఎవరూ చెప్పరు.

ఇప్పటి పనీ తక్కువదేం కాదు. పుణె దగ్గర ఖోడద్ చుట్టుపక్కల 45 మీటర్ల అడ్డుకొలత ఉన్న రేడియో యాంటెన్నాలు 30 ఉన్నాయి. ఎనిమిది వందల కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల్లో హైడ్రోజన్ ఎంతుండేదో వాటితో కొలిచి, 2020లో మన శాస్త్రవేత్తలు ప్రకటించారు. నక్షత్రాలకు ముడిసరుకు ఆ వాయువే. ఒక్కో గెలాక్సీ సంకేతం విడిగా దొరకనంత బలహీనం. అందుకని 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీశారు. అవి నక్షత్రాలను కంటున్న వేగానికి, ఉన్న హైడ్రోజన్ నూరు రెండొందల కోట్ల ఏళ్లకు మించి చాలదని తేలింది. వెయ్యి కోట్ల ఏళ్ల కింద జోరుమీదున్న నక్షత్రాల పుట్టుక తర్వాత ఎందుకు మందగించిందో దాంతో చాలావరకు అర్థమైంది.

మా కాలంలో మంచి పుస్తకం కావాలంటే సంగారెడ్డి బస్సెక్కాల్సిందే. ఇప్పుడు ఆకాశాన్ని గాలించే స్లోన్ సర్వే లక్షల గెలాక్సీల వివరాలు ఉచితంగా ఇస్తోంది. మా నారాయణఖేడ్‌లో డిగ్రీ చదివే పిల్లకూ, అమెరికా ప్రొఫెసర్‌కూ అదే పట్టిక. అయినా మన ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద జీతాల అంకెలే!

పాఠాలు చెప్పే సార్లూ, ఒక్క వారం ఆ పట్టిక పిల్లల ముందు పెట్టండి. నీలం గెలాక్సీల్లో కొత్త చుక్కలు పుడుతున్నాయి, ఎర్రవాటిలో చాలావరకు ఆగిపోయాయి. ధూళి కమ్మి ఎర్రగా కనబడేవి మాత్రం లెక్క తప్పిస్తాయి. వాటిని ఎట్లా వేరుచేయాలో ఆ పోరగాళ్లనే తేల్చనివ్వండి.