పంగలకర్ర పద్యానికి టీకా తాత్పర్యం

ఉపోద్ఘాతం

శాస్త్రగ్రంథానికి వ్యాఖ్య రాయబూనినవాడు ముందుగా అనుబంధ చతుష్టయాన్ని తేల్చి చెప్పడం సంప్రదాయం. గ్రంథానికి విషయమేది, దాన్ని చదవదగిన అధికారి ఎవరు, చదివినందువల్ల ప్రయోజనమేది, వీటి నడుమ సంబంధమెటువంటిది అనే నాలుగు అంశాలకు అనుబంధ చతుష్టయమని పేరు. నాలుగు పాదాల చిన్న పద్యమైనంత మాత్రాన ఈ మర్యాదను తప్పించడం న్యాయం కాదు. ఇక్కడ విషయం పంగలకర్ర, అనగా రెండుగా చీలిన కొమ్మకు రబ్బరు కట్టి రాయిని విసిరే ఆటవస్తువు. చేతిలో చాకు, పెరట్లో జామచెట్టు ఉండి, అంతకు మునుపు కర్ర చెక్కి ఎరుగని వ్యక్తి దీనికి అధికారి. అనకాపల్లి జిల్లా, నర్సీపట్నం రెవెన్యూ డివిజనులోని మాకవరపాలెం మండలంలో, అందునా వేసవి సెలవుల్లో, ఇటువంటి అధికారులకు కొరత ఉండదు. చేయి, కన్ను, ఓపిక అనే మూడూ ఒకదాని మాట ఒకటి వినడం ప్రయోజనం. సంబంధం కత్తికీ కర్రకూ నడుమ ఉన్నదే. బొటనవేలు ఆ సంబంధంలో మూడో పక్షంగా చేరకుండా చూడటం వ్యాఖ్యాత బాధ్యత.

మెదక్ ప్రాంతపు కొల్చారానికి చెందినవాడని పేరుపొందిన మల్లినాథసూరి, కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అవసరం లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్య ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని శిరసావహిస్తుంది. చాకు కొత్తగా పట్టినవాడికి ఏ హెచ్చరిక అనవసరమో గాయమైన తరువాత గాని తేలదు కనుక, రెండో సగం విషయంలో మాత్రం మినహాయింపు కోరుతుంది.

మూలం

(ఈ వ్యాఖ్య కోసమే కూర్చిన ఆటవెలది)

జామ పంగఁ గోసి ఛాయ నార్చి పిదప
కత్తి బయటి వైపు కదలునట్లు
చెక్కి మెడల గాడి చేసి రబ్బరుఁ గట్టి
పిట్ట నుండనిచ్చి పెంకుఁ గొట్టు

ప్రతిపదార్థం

జామ పంగన్ = జామకొమ్మ రెండుగా చీలిన భాగాన్ని; కోసి = చిన్న రంపంతో వేరుచేసి; ఛాయన్ = నీడలో; ఆర్చి = తడి పోయేటట్లు ఆరబెట్టి; పిదప = అటు తరువాత; కత్తి = చాకు; బయటి వైపు = ఒంటికి ఎడమైన దిక్కుకు; కదలునట్లు = సాగే విధంగా; చెక్కి = పొర తరువాత పొరగా తీసి; మెడల = రెండు కొమ్ముల కొనలకు కొంచెం దిగువన; గాడి చేసి = చుట్టూ సన్నని గంటు పెట్టి; రబ్బరున్ = సాగే పట్టీలను; కట్టి = బిగించి; పిట్టన్ = పక్షిని; ఉండన్ ఇచ్చి = దాని మానాన దాన్ని ఉండనిచ్చి; పెంకున్ = పగిలిన కుండముక్కను; కొట్టు = గురి చూసి కొట్టుము.

తాత్పర్యం

జామకొమ్మ పంగను కోసి, నీడన ఆరబెట్టి, కత్తి ఎప్పుడూ ఒంటికి దూరంగా సాగేటట్లు చెక్కి, కొమ్ములకు గాడి పెట్టి రబ్బరు కట్టిన తరువాత, దానితో పక్షుల జోలికి పోక కుండపెంకును గురిగా పెట్టుకోవలెనని భావం.

విశేష వ్యాఖ్య

*జామ పంగ.* జీడిమామిడి తోటలున్న సీమలో కవి జామనే ఏల గ్రహించెనని పూర్వపక్షం, అనగా ఎదుటివాడి ఆక్షేపణ. జామకర్ర పోగు దగ్గరగా అల్లుకొని గట్టిగా ఉంటుంది, లాగినప్పుడు కొంత వంగుతుంది గాని తటాలున విరగదు, పైగా దాని కొమ్మలు తరచుగా ఇంచుమించు సమానమైన రెండు పాయలుగా చీలుతాయి కనుక జామయే తగినదని సమాధానం. చూపుకు మునగ పంగలు కూడా ఇంపుగానే ఉంటాయి. అయితే ఒకరిని మునగచెట్టు ఎక్కించడమనే నానుడి ఆ కొమ్మ పెళుసుదనం మీదనే నిలిచింది కాబట్టి, సాగదీసిన రబ్బరును దానికి అప్పగించడం ముఖానికి ముప్పు. ఎన్నుకొనే పంగలో పిడి, రెండు కొమ్ములు బొటనవేలంత లావుకు తగ్గకుండా ఉండాలి. పిడి గుప్పిట నిండాలి. కొమ్ముల కొనల నడుమ మూడు నాలుగు వేళ్లు పట్టేంత ఎడముంటే చాలు. పురుగు తొలిచిన రంధ్రం గాని, పాయలు కలిసే చోట చీలిక గాని కనిపిస్తే, ఆ పంగ ఎంత అందమైనదైనా పొయ్యికే చెందుతుంది.

ఇదే జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉండగా కొత్తవాడు చేతితో చెక్కుకోవలసిన అగత్యమేమిటని మరొక ఆక్షేపణ. ఏటికొప్పాక పనివారు అంకుడు కర్రను తరిమెన మీద, అనగా కర్రను గిర్రున తిప్పే లేత్ మిషన్ మీద పట్టి, ఉలితో రూపం తీసి, అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్కను అద్దుతారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ విద్యలో సహజ రంగుల వాడుకకు కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. అయితే తరిమెన మీద వస్తువు ఒకే ఇరుసు చుట్టూ తిరగాలి. బొంగరానికీ, లక్కపిడతకూ అటువంటి ఇరుసు ఒకటుంది. రెండు దిక్కులకు చేతులు చాచిన పంగకు లేదు. కనుక జిల్లాలో ఎంత గొప్ప యంత్రవిద్య ఉన్నా పంగలకర్ర చేతి చాకుకే మిగిలింది. అంకుడు మెత్తని కర్ర కావడం వల్ల, జామను ముట్టుకోక ముందు చేయి తిరగడానికి అంకుడు ముక్క ఒకటి చెక్కి చూసుకోవడం మాత్రం కొత్తవాడికి హితం.

*ఛాయ నార్చి.* ఎండలో పెడితే ఒక్కపూటలో ఆరేదానికి నీడ ఎందుకని తొందరపడేవారి ప్రశ్న. ఎండకు పైపొర ముందుగా తడి కోల్పోయి ముడుచుకుంటుంది. లోపలి భాగం ఇంకా తడితో ఉబ్బి ఉంటుంది. ఈ పైపొర లోపొరల తగవు చివరకు చీలికగా బయటపడుతుంది. తడి అన్నిటికంటె వేగంగా కోసిన కొసల నుంచి పోతుంది కనుక, ఆ కొసలకు కొవ్వొత్తి మైనం పూసి, గాలి ఆడే నీడలో కొన్ని వారాలు ఉంచడం పద్ధతి. పచ్చిగా ఉన్నప్పుడే కర్ర కత్తికి లొంగుతుందనీ, ఎండిన జామ ఇనుము వంటిదనీ అనుభవజ్ఞులు చెప్పే మాట కూడా సత్యమే. ఈ రెంటికీ సమన్వయం ఇట్లా చేయాలి: బెరడు ఒలవడం, అక్కరలేని కణుపులు తీయడం, మోటు రూపం తేవడం పచ్చిమీదనే జరగాలి, కొలత తప్పరాని గాడి మాత్రం ఆరిన తరువాతనే పడాలి, ఏలయన ఆరేటప్పుడు కర్ర సన్నబడుతుంది. పద్యంలో ‘చెక్కి’ అన్నది ఈ రెండో చెక్కుడును ఉద్దేశించినదని గ్రహించాలి.

*కత్తి బయటి వైపు.* పద్యానికి ఇది హృదయస్థానం. వాదర, అనగా కత్తి పదునైన అంచు, ఎటు పోతున్నదో అటు శరీరంలోని ఏ భాగమూ ఉండరాదని దీని సారం. కూర్చున్నవాడు తొడమీద కర్ర ఆనించి చెక్కరాదు, ఏలయన తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం పోతుంది. మోచేతులను మోకాళ్ల మీద ఆనించి, కర్రను మోకాళ్లకు ఆవల పట్టుకోవాలి. చాకు పట్టిన చేయి చాచి చుట్టూ తిప్పితే ఎంత మేర వస్తుందో అంత మేరలో మరొకరు, ముఖ్యంగా పక్కన కూర్చొని సలహాలిచ్చే తమ్ముళ్లు, ఉండకూడదు. మొద్దు చాకు పిల్లలకు క్షేమమని పెద్దలు తలపోయడం కద్దు. మొద్దు చాకుకు బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, బలం ఎక్కువైన చాకు జారుతుంది, జారిన చాకు ఎక్కడ ఆగాలో చేతికి తెలియదు. కావున సానరాయి మీద నూరిన చాకే సాధువు. సన్నని పని వచ్చినప్పుడు చాకు పట్టిన చేతిని కదలనీయక, కర్ర పట్టిన చేతి బొటనవేలితో చాకు వీపును కొద్దికొద్దిగా నెట్టితే, పొర ఉల్లిపొరలా లేస్తుంది, చాకు అదుపు దాటదు.

కర్రకు పోగు ఉంటుంది. పోగు అనగా చెట్టు పెరిగిన దిక్కున సాగే నారల వరుస. దాని వాలుకు అనుగుణంగా పోతే పొర నున్నగా వస్తుంది. ఎదురు పోతే కత్తి లోపలికి దిగి పెచ్చు లేచిపోతుంది. పంగ నడుమ రెండు పాయల పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకోవడం వల్ల, అక్కడ ఏ దిక్కూ పూర్తిగా అనుకూలం కాదు. కత్తి లోతుకు దిగజూచిన క్షణాన ఆపి, కర్రను తిప్పి అవతలి దిక్కు నుంచి రావాలి. తీసిన పెచ్చును తిరిగి అతికించే విద్య ఏ శాస్త్రంలోనూ లేదు.

*మెడల గాడి.* కొనకు వేలెడు దిగువన, రబ్బరు జారిపోకుండా పట్టే సన్నని గంటును గాడి అంటారు. ఒకే వాలు దెబ్బతో గాడి తీయబోయినవాడు కొన మొత్తాన్ని ఊడగొట్టుకుంటాడు. ముందుగా కర్ర చుట్టూ నిలువుగా చాకును నొక్కి నిలుపు గాటు పెట్టాలి. తరువాత దాని వైపుగా వాలు గాటు రావాలి. వాలు గాటు నిలుపు గాటును తాకి అక్కడితో ఆగిపోతుంది, నడుమనున్న చిన్న ముక్క ఊడి వస్తుంది. లోతు రెండు మూడు మిల్లీమీటర్లు చాలు. మించితే మెడ బలహీనమవుతుంది. కొత్తవాడు నేర్వవలసిన విద్య కోయడంలో కంటె ఆగడంలో ఎక్కువగా ఉందని ఈ నిలుపు గాటు వల్ల సిద్ధిస్తున్నది. పిదప గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పూసి ఆరనిస్తే కర్ర చెమటకు, వానకు ఓర్చుకుంటుంది.

*రబ్బరు.* ఈ పద్యం కొత్తగా కూర్చినదే కనుక కాలనిర్ణయంతో పని లేదు. అయినా కాలనిర్ణయం లేని వ్యాఖ్యను పండితులు అంగీకరించరు. గంధకంతో కాచి రబ్బరును గట్టిపరచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొని 1844లో పేటెంటు పొందాడు. అంతకు పూర్వపు రబ్బరు ఎండకు జిగురై చలికి పెళుసయ్యేది కనుక, రబ్బరు పంగలకర్ర ఆ తరువాతి కాలపు వస్తువే. దానికి పూర్వులు ఇద్దరు. రెండు తాళ్ల నడుమ రాయి నిలిపి, తల చుట్టూ తిప్పి ఒక కొసను వదిలితే అది వడిసెల. వెదురు విల్లుకు జంట నారి కట్టి, దాని నడుమ మట్టి ఉండ నిలిపి వదిలితే అది ఉండేలు. ఇప్పటి వాడుకలో పంగలకర్రకు కూడా ఉండేలు అనే పేరు చెల్లుతున్నది. సైకిలు ట్యూబు పట్టీలు సులభంగా దొరికినా, బ్యూటైల్ రబ్బరుతో చేసిన ట్యూబు సహజ రబ్బరు అంత చురుగ్గా వెనక్కి రాదు. పట్టీలు రెండూ ఒకే పొడవు, ఒకే వెడల్పు ఉండాలి, లేనిచో రాయి పక్కకు పోతుంది. ఎండకు మగ్గి సన్నని పగుళ్లు వచ్చిన పట్టీ తెగి కంటికే వస్తుంది గనుక, లాగే ముందు ప్రతిసారీ పరీక్షించాలి.

*పిట్ట నుండనిచ్చి.* ఇక్కడ ‘ఉండ నిచ్చి’ అని విడదీసి, పిట్టకు మట్టి ఉండను కానుకగా ఇచ్చి అని అర్థం చెప్పే బాలవ్యాఖ్యాతలు కొందరుండవచ్చు. ఇవ్వడమే అర్థమైతే ‘పిట్టకు’ అని షష్ఠీ విభక్తి రావలసి ఉండగా మూలంలో ‘పిట్టన్’ అని ద్వితీయ ఉన్నందువల్ల ఆ అర్థం వ్యాకరణానికి నిలవదు. చట్టానికీ నిలవదు: వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం వేట అనగా చంపడమొక్కటే కాదు, గాయపరచడం, గూడును చెరచడం, గుడ్లను పాడుచేయడం కూడా వేటయే. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నది. ఆ చిలుకకు జామపండు ప్రియమైన ఆహారం. దాని పళ్లెం లాంటి చెట్టు నుంచే పంగను కోసి దానిమీదనే గురిపెట్టడం అనౌచిత్యం. ఔచిత్యమెరిగిన కవి అందుకే మొదటి పాదంలో జామను, చివరి పాదంలో పిట్టను నిలిపాడు. ‘పెంకు’ ఉపలక్షణం, అనగా ఒకదాన్ని చెప్పి తత్సమానమైన వాటినన్నింటిని సూచించడం. పాత డబ్బా మూత, గోడమీది సుద్దగీత, వానలు మొదలైనప్పుడు బీడునేలకు విసిరే విత్తన బంతి కూడా ఇందులో చేరతాయి.

ఛందోలంకారాలు

ఇది ఆటవెలది. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అనగా పాదంలోని తొలి అక్షరంతో మైత్రి. జా–ఛా, క–క, చె–చే, పి–పె అని క్రమంగా చెల్లింది. ఉన్నది ఉన్నట్లు చెప్పినందున స్వభావోక్తి అలంకారం. కత్తి గమనానికీ గురి గమనానికీ నిగ్రహమే నియామకమని ధ్వని.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని అర్థజ్ఞానంతో ఆచరించినవారికి మొదటి పంగలకర్ర కొంచెం వంకరగా వచ్చినా దోషం లేదు. పని ముగిసేనాటికి చెక్కినవాడి పది వేళ్లూ, పెరట్లోని పిట్టలూ లెక్కకు సరిగా ఉంటే పద్యార్థం సిద్ధించినట్లే. రెంటిలో ఏ ఒక్కటి తక్కువైనా, చాకును పక్కన పెట్టి మూలాన్ని మళ్లీ మొదటి పాదం నుంచి చదువుకోవలెను.