నాలుగు వేళ్ళ సందు

సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి కారేసుకొచ్చి మా స్విఫ్ట్ పక్కన ఆపేదాకా, మా బండి ఎత్తు గురించి నాకే దిగులూ లేదు. వాడి కారు నేలకి కరుచుకుని, చక్రాలు సగం లోపలికి పోయి, ఎలుక కోసం పొంచి కూర్చున్న పిల్లిలా ఉంది. దాని పక్కన మాది, వానాకాలంలో లుంగీ ఎగ్గట్టుకుని బురద దాటుతున్న పెద్దమనిషిలా ఉంది.

"మావయ్యా, నీ బండికి నాలుగు వేళ్ళ గ్యాప్" అంటూ టైరుకీ పైనున్న రేకు అంచుకీ మధ్య చెయ్యి దూర్చి చూపించాడు. తన బండి దగ్గర అదే ప్రయోగం చేస్తే రెండో వేలు దగ్గరే ఇరుక్కుంది. ఆ ఇరుక్కోవడాన్ని వాడు ఎంత గర్వంగా చూపించాడంటే, ఉంగరం బిగుసుకుపోయిన పెళ్ళికొడుకు కూడా అంత మురిసిపోడు.

గోడకి పగులుందని ఎవడో చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత మనకి గోడ కనిపించదు, పగులే కనిపిస్తుంది. పదేళ్ళుగా నేను రోజూ ఎక్కి దిగుతున్న కారులో నాకిక ఆ నాలుగు వేళ్ళ సందు తప్ప ఏమీ కనబడలేదు. నాకు 49 ఏళ్ళు. ఈ వయసులో జుట్టుకి రంగేసుకోవడం కన్నా కారుని కాస్త కిందికి దించుకోవడం గౌరవప్రదమైన వెర్రే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

అడ్డల్లా ఒక్కటే. మా నాన్న.

ఆయన ఆర్టీసీలో 31 ఏళ్ళు స్టీరింగు పట్టుకున్నారు. అంతకుముందు కొన్నాళ్ళు లారీ. ఇప్పుడు మా కారులో వెనక ఎడమ సీటు ఆయనది. ఆయన నడుము ఒక కొలత పరికరం. ఏ వాహనమెక్కినా దిగేటప్పుడు ఆర్టీసీ సర్వీసుల లెక్కలో మార్కులేస్తారు. మా చెల్లెలి పెద్ద కారు 'సూపర్ లగ్జరీ'. ఎవరి పెళ్ళిలోనో ఎక్కిన విదేశీ బండి 'గరుడ'. మా వీధి చివరి ఆటో 'పల్లెవెలుగు, ఆఖరి సీటు'. ఆఖరి సీటు అని విడిగా ఎందుకన్నారో ఆ సీట్లో కూర్చుని గుంత మీదుగా వెళ్ళినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెనక చక్రాలు దాటాక ఇంకా వెనక్కి పొడుచుకొచ్చిన చోటది. చక్రం జానెడు లేస్తే అక్కడ కూర్చున్నవాడు మూరెడు లేస్తాడు.

మా స్విఫ్ట్‌కి ఆయన ఇచ్చిన హోదా 'ఎక్స్‌ప్రెస్'. నా కోరిక విని, ఆయన ఒకే షరతు పెట్టారు. "ఏమైనా చేసుకోరా. ఎక్స్‌ప్రెస్ టికెట్టు కొన్నవాణ్ణి పల్లెవెలుగులో మాత్రం ఎక్కించకు."

ముందుగా మేనల్లుడి బండిలో పరీక్ష పెట్టాం. మా ఇంటి నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి రావాలి. మా సందులోనే ఆరు స్పీడ్ బ్రేకర్లున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళు స్పీడ్ బ్రేకర్‌కి ఒక కొలత రాసి పెట్టారు: ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. అంటే మంచం పొడుగుకి దాదాపు రెట్టింపు వెడల్పున, తాబేలు వీపులా మెల్లగా లేచి మెల్లగా దిగాలన్నమాట. మా సందువి అలాంటివి కావు. ఇల్లు కట్టినవాళ్ళు స్లాబు పోయగా మిగిలిన కాంక్రీటుతో, ఎవరి గుమ్మం ముందు వాళ్ళు వేసుకున్నవి. ఒకటి మరీ తలగడ దిండంత ఉంటుంది.

మొదటి దిబ్బ దగ్గర నాన్న మాట్లాడలేదు. రెండోదానికి పైన పిడి పట్టుకున్నారు. మూడోదానికి కింద ఏదో 'ఠంగు'మంది, వెనకాలే ఒక దబ్బుమన్న చప్పుడు.

"ఒరే, ఇది ఏ సర్వీసురా?"

"స్పోర్ట్స్ తాతయ్యా."

"మనకా సర్వీసు లేదు. ఆపు, దిగుతాను."

దిగి, వచ్చిన దారినే నడిచి ఇంటికొచ్చారు. మాకన్నా ముందే చేరుకున్నారు కూడా. ఎందుకంటే బండి వెనక్కి తిప్పుకోవడానికి ముందు నాలుగో దిబ్బని మేనల్లుడు ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నీ బతిమాలి దాటించాల్సి వచ్చింది.

ఆ రాత్రి వాడు నిజం ఒప్పుకున్నాడు. వాడు స్ప్రింగులు కొనలేదు, ఉన్నవాటినే కోయించాడు. పైగా 17 అంగుళాల చక్రాలు, సన్నంచు టైర్లు. నా బండి టైరు మీద 165/80 ఆర్ 14 అని ఉంటుంది. 165లో 80 శాతం అంటే టైరు పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. వాడిది 205/45, అంటే 92. టైరులో గాలి కూడా ఒక స్ప్రింగే. గుంత తగిలినప్పుడు మొదట ఒదిగేది అదే. వీడు ఆ మెత్తనూ తీసేసి, దాని పైనున్న మెత్తనూ కోసేసి, అందులో తాతయ్యని కూర్చోబెట్టాడు.

మర్నాడు నేను విజయవాడ ఆటోనగర్‌కి బయల్దేరాను. ఆటోనగర్ గురించి తెలియనివాళ్ళకి ఒక్క మాట: అక్కడ ఒక చివర లారీ లోపలికి వెళ్తే ఇంకో చివర బస్సై బయటికి రాగలదు. నేను వెళ్ళిన మొదటి షెడ్డులో కుర్రాడు నా మాట పూర్తికాకముందే గ్రైండర్ ప్లగ్గు పెట్టాడు. "చుట్టున్నర కోసేద్దాం సార్, అరగంట పని." పళ్ళ డాక్టరు 'పీకేద్దాం' అన్నంత తేలిగ్గా అన్నాడు. నేను ఫోను వచ్చినట్టు నటించి బయటపడ్డాను.

నాన్న పంపించిన షెడ్డు రెండు వీధుల అవతల. అక్కడి పెద్ద మేస్త్రి ఒకప్పుడు డిపోలో పనిచేసిన మనిషి. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి, మూలనున్న ఇనుము కుప్పలోంచి ఒక పాత స్ప్రింగు లాగి నా ముందు నిలబెట్టాడు. తుప్పు మీద గ్రీజు, గ్రీజు మీద దుమ్ము. వేలితో చుట్లు లెక్కపెట్టాడు. "ఇది పైన కూర్చునే చుట్టు. ఇది కింద కూర్చునే చుట్టు. ఈ రెండూ పనిచెయ్యవు, ఆఫీసర్లు. మధ్యలో ఆరున్నాయే, ఇవీ పనిచేసేవి. బరువు పడితే తలా కాస్త దగ్గరికొస్తాయి. ఆరుగురు తలో రూపాయి చందా వేస్తే ఆరు రూపాయలు. ఒకటిన్నర కోసేశామనుకోండి, నాలుగున్నరే వస్తుంది. అంటే అదే బరువుకి తక్కువ నొక్కుకుంటుంది. అంటే గట్టిపడింది. మీరేమో బండి దిగింది కదా మెత్తబడిందనుకుంటారు."

లెక్క వేసుకుంటే గట్టిదనం మూడో వంతు పెరిగింది. ఇంకో విషయం కూడా చూపించాడు. స్ప్రింగు చివర ఒక వాటంగా వంచి ఉంటుంది, కింది గిన్నెలో సరిగ్గా ఒదిగేలా. గ్రైండర్ పెట్టాక ఆ కొస పోతుంది. దిబ్బ దాటి చక్రం గాల్లో వేలాడిన క్షణాన పొట్టి స్ప్రింగు వదులై, గిన్నెలోంచి పక్కకి జరిగి, బరువు పడగానే మళ్ళీ 'ఠంగు'మంటుంది. మా నాన్న నడిచి ఇంటికి రావడానికి కారణమైన చప్పుడు అదీ. వెనకాలే వచ్చిన దబ్బు మాత్రం స్ప్రింగుది కాదట, బంప్ స్టాప్‌ది. స్ప్రింగు కదలడానికి చోటు అయిపోయాక తగిలే రబ్బరు దిమ్మ అది. మంచం మీద దూకిన పిల్లాడికి పరుపు అయిపోయి చెక్క తగిలినట్టు.

కొలిచి పెట్టినంత బరువుకి కొలిచి పెట్టినంత కుంగడమే స్ప్రింగు చేసేదంతా. ఈ సూత్రం కనిపెట్టిన రాబర్ట్ హుక్ 1676లో దాన్ని ఎవరికీ అర్థం కాకుండా అక్షరాలు తారుమారు చేసి అచ్చేయించి, రెండేళ్ళ తర్వాత గానీ విప్పి చెప్పలేదు. ఆటోనగర్‌లో ఈ సంప్రదాయం ఇప్పటికీ బతికే ఉంది. మా మేస్త్రి నాకు విప్పి చెప్పడం నాన్న పేరు మీద దొరికిన రాయితీ.

ఇంటికొచ్చి నేను పుస్తకాల మీద పడ్డాను. మనిషి ఒంటికి హాయిగా ఉండాలంటే బండి సెకనుకి ఒకసారి, మహా అయితే ఒకటిన్నర సార్లు ఊగాలట. అంటే ఉయ్యాల తాళం, నింపాదిగా నడిచే నడక తాళం. సెకనుకి ఒకసారి ఊగాలంటే బండి తన బరువుకే స్ప్రింగుని 25 సెంటీమీటర్లు కుంగదీసుకోవాలి. ఒకటిన్నర సార్లకి 11 సెంటీమీటర్లు. రెండుసార్లకి 6. ఎంత తక్కువ కుంగితే అంత గబగబా ఎగరేస్తుందన్నమాట. చిన్న కారులో 25 సెంటీమీటర్ల జాగా ఎక్కడిది? అది ఒంటిగది అద్దె ఇంట్లో పందిరి మంచం లాంటి కోరిక. కంపెనీవాళ్ళు ఉన్న జాగాలోనే సర్ది, మధ్యరకం హాయి ఒకటి కుదిర్చి ఇచ్చారు. నేనేమో అందులోంచి ఇంకో రెండు వేళ్ళు తగ్గించమని అడుగుతున్నాను.

అదీగాక చిన్న కారుకి ఇంకో కష్టం. టన్నుకి కాస్త తక్కువ బరువున్న బండిలో మేం నలుగురం ఎక్కి, డిక్కీలో అత్తగారింటి బియ్యం బస్తా వేశామంటే మూడో వంతు బరువు కొత్తగా పడినట్టే. ముందు కన్నా వెనకే ఎక్కువ కుంగుతుంది. మా తరం స్విఫ్ట్‌కి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు. అందులో మేనల్లుడి వరసన 50 తీసేసి, మా కుటుంబం ఎక్కి ఇంకో 40 కుంగిందనుకుంటే, మా సందు దిండుకీ మా సైలెన్సర్‌కీ వియ్యం కుదిరినట్టే.

మేస్త్రి చెప్పిన దారి వేరు. "25 మిల్లీమీటర్లు. ఆ పైన ఒక్క నూలు కూడా నేను చెయ్యను. అదీ కోయకుండా, ఆ బండికని తయారుచేసిన స్ప్రింగులు తెండి. చుట్లు ఒక కొస దగ్గర దగ్గరగా, ఇంకో కొస దూరదూరంగా ఉండేవి."

దాన్ని ప్రోగ్రెసివ్ స్ప్రింగు అంటారని నేను నాన్నకి పుస్తకం భాషలో వివరించబోయాను. చిన్న గతుకులకి అన్ని చుట్లూ పనిచేసి మెత్తగా ఉంటుంది, పెద్ద దిబ్బకి దగ్గర చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, మిగిలినవే పనిచేసి గట్టిపడుతుంది అని. ఆయన సగంలోనే చెయ్యెత్తారు. "హెల్పర్ కమానని చెప్పరాదూ! లారీ ఖాళీగా ఉన్నప్పుడు కింది కట్టే మోస్తుంది. లోడు పడ్డాకే పై కమాను తగులుతుంది. దీనికి ఇంగ్లీషు ఎందుకు?" నేను మూడు రోజులు చదివింది ఆయనకి 1970ల నాటి లారీ ముందే చెప్పేసింది.

కానీ స్ప్రింగులు కొనకముందే మేస్త్రి నా బండి బానెట్ మూలని రెండు చేతులతో నొక్కి వదిలాడు. అది లేచింది, దిగింది, మళ్ళీ లేచింది, ఇంకా దిగుతూనే ఉంది. "ఒకసారి లేచి నిలబడిపోవాలి సార్. ఇది దండాలు పెడుతోంది. షాకప్‌లు పోయాయి." షాకప్ బరువు మోయదు; ఊగేదాన్ని పట్టి ఆపడమే దాని ఉద్యోగం. నీరసించిన షాకప్‌ల మీద గట్టి స్ప్రింగు పెడితే ముసలి కావలివాడి చేతికి కుర్ర గిత్తని ఇచ్చినట్టు. ముందు నాలుగూ కొత్తవి వేయించాను. వేయించాక బండి ఎంత బాగా నడిచిందంటే, నా కోరిక దాదాపు చచ్చిపోయింది. మార్పేమీ చెప్పకుండా నాన్నని ఎక్కించి తిప్పాను. "ఏం చేశావురా? అల్ట్రా డీలక్స్‌లా ఉంది" అన్నారు. తెలివైనవాడైతే అక్కడే ఆగేవాడు.

చట్టం సంగతి కూడా ఇంట్లో చర్చకొచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీలోని వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. "ఆర్‌సీలో కారు ఎత్తు ఎక్కడుంది మావయ్యా?" అని మేనల్లుడి లా పాయింటు. "చెకింగ్‌లో ఆపినాయనకి చెప్పు ఈ పాయింటు" అని నాన్న తీర్పు. నేను ముందు ఇన్సూరెన్స్ ఏజెంటుని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఎందుకండీ ఇప్పుడు ఇవన్నీ?" అన్నాడు. మా ఆవిడ కూడా సరిగ్గా ఇవే మాటలంది, ఆలోచించకుండా.

మొత్తానికి స్ప్రింగులు వచ్చాయి. ఇంట్లో దీనికి 'సస్పెన్షన్ పని' అని పేరు పెట్టాను. అబద్ధం కాదు కదా. బిగించేటప్పుడు మేస్త్రి చేసిన ఒక పని మాత్రం నేనింకా మర్చిపోలేదు. బోల్టులన్నీ పెట్టి, కింది ఆర్మ్‌ల దగ్గర రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం వదులుగా ఉంచేశాడు. బండిని జాకీ మీద నుంచి నేలకి దించి, కుర్రాళ్ళిద్దర్ని లోపల కూర్చోబెట్టి, తను కిందికి దూరి అప్పుడు చివరి తిప్పు తిప్పాడు. గాల్లో బిగిస్తే బండి దిగాక రబ్బరు జీవితాంతం మెలితిరిగే ఉంటుందట. "నిలబడి కొలతలిచ్చిన చొక్కా కూర్చుంటే బిగుస్తుంది సార్." తర్వాత అలైన్‌మెంట్. ఎత్తు తగ్గితే చక్రాల వాలు మారుతుంది, చూడకపోతే టైరు ఒక అంచునే అరుగుతుంది.

వారం ఆగి నాన్నని ఎక్కించాను. ఆరు దిబ్బలు. తలగడ దిండు దగ్గర నేను ఊపిరి బిగపట్టాను. కింద ఏమీ తగల్లేదు. బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి వచ్చాం. దిగుతూ ఆయన నడుము సర్దుకుని కాసేపు ఆలోచించారు.

"ఎక్స్‌ప్రెస్సే. డ్రైవరు కాస్త డ్యూటీ దిగే తొందరలో ఉన్నాడు."

నేను పొంగిపోయాను. పొంగి, మా ఆవిడని పిలిచి, కారుని ఎదురుగా నిలబెట్టి, ఏం మారిందో చెప్పమన్నాను. చుట్టూ ఒకసారి తిరిగి, "కడిగించారా?" అంది. వాచ్‌మన్ కొత్త టైర్లన్నాడు. మేనల్లుడికి ఫొటో పంపిస్తే, "ముందు ఫొటో పంపావు మావయ్యా, తర్వాతది ఏదీ?" అని జవాబొచ్చింది.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళేముందు ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని సందులోకి చెయ్యి దూర్చి చూసుకుంటాను. మూడు వేళ్ళు పడతాయి, నాలుగోది పట్టదు. మొన్న అలా కూర్చుని ఉండగా నాన్న అరుగు మీద పేపరు దించి అడిగారు.

"ఏం పడిపోయిందిరా అక్కడ?"